ముసలితనం ఏ గడిలో కనపడుతుంది? సై యంగ్ చివరి సీజన్ల లెక్కలు

అందరికీ నమస్కారం. బేస్‌బాల్ మీద మాట్లాడతానంటే ఇంతమంది వస్తారని నిర్వాహకులు కూడా అనుకున్నట్టు లేదు. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ చాప వేశారు, మొహమాటపడకండి.

మీ చేతికిచ్చిన కాగితంలో ఎనిమిది వరసలున్నాయి. 1904 నుంచి 1911 దాకా, ఏడాదికో వరస. అన్నీ ఒకే మనిషివి. పేరు సై యంగ్. అసలు పేరు డెంటన్ ట్రూ యంగ్. 1867 మార్చి 29న ఒహాయో రాష్ట్రంలో గిల్మోర్ అనే పల్లెటూళ్ళో, వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. అంటే మీ కాగితంలో మొదటి వరస నాటికి 37 ఏళ్ళు, చివరి వరస నాటికి 44. ఆ కాలంలో 35 దాటిన పిచర్‌ని చూసి 'ఇంకా ఆడుతున్నాడా?' అనేవాళ్ళు.

ఇక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది క్రికెట్ స్కోరు పుస్తకాలు రాసినవాళ్ళూ, చదివినవాళ్ళూ. కాబట్టి ఆట గురించి రెండు ముక్కలు చెప్పి లెక్కల్లోకి వెళ్ళిపోతాను. పిచర్ అంటే మన బౌలర్ అనుకోండి, కానీ ఓవర్లు మారవు. మార్చేదాకా అతనే వేస్తాడు. ఒక్కో జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి ముగ్గురు అవుట్, మొత్తం 27 మంది. మొదలుపెట్టినవాడే చివరిదాకా వేస్తే దాన్ని కంప్లీట్ గేమ్ అంటారు. బ్యాటర్ బంతిని ఊపి తప్పినా, గురిలో పడ్డ బంతిని వదిలేసినా అది స్ట్రైకు, అలాంటివి మూడు పడితే స్ట్రైకౌట్. పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళిపోతాడు, దాన్ని వాక్ అంటారు. బేస్ అంటే పరుగు పూర్తి కావడానికి వరసగా తొక్కాల్సిన నాలుగు గుర్తుల్లో ఒకటి. ఇక ఈఆర్ఏ. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చిన పరుగులు తీసేసి, పిచర్ ఖాతాలో మిగిలిన పరుగుల్ని తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఎన్ని అని లెక్కగట్టేది. తక్కువుంటే గొప్ప. మన బౌలింగ్ సగటు లాగే.

అన్నట్టు, ఈ స్కోరు పట్టికల పద్ధతికి పునాది వేసినాయన హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లో పుట్టాడు, చిన్నప్పుడే అమెరికా చేరాడు, అక్కడ ముందు పత్రికలకి క్రికెట్ వార్తలు రాసేవాడు. తర్వాత బేస్‌బాల్ వైపు తిరిగి, ఆ ఆటని అంకెల్లోకి దించాడు. స్కోరు పుస్తకంలో స్ట్రైకౌట్‌కి 'కె' అని గుర్తు పెట్టింది ఆయనే. కాబట్టి మనం ఇవాళ పరాయి ఇంటికి వెళ్తున్నామని అనుకోనక్కర్లేదు. ఆ చాడ్విక్ 1908 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆ వసంతంలోనే మన కాగితంలోని ఐదో వరస మొదలైంది. అది అన్నిట్లోకీ అందమైన వరస, నిదానంగా దాని దగ్గరికొద్దాం.

బేస్‌బాల్‌లో జట్టు గెలుపోటముల్ని పిచర్ పేరు మీద కూడా రాస్తారు. ఆ లెక్కన సై యంగ్ మొత్తం మీద 511 ఆటలు గెలిచాడు. రెండో స్థానంలో ఉన్న వాల్టర్ జాన్సన్ 417 దగ్గర ఆగిపోయాడు. ఏడాదికి 20 చొప్పున 25 ఏళ్ళు వరసగా గెలిచినా 500 దగ్గరే ఉంటారు. 749 కంప్లీట్ గేములు. ఏడు వేల మూడు వందల పైచిలుకు ఇన్నింగ్స్. ఇలాంటి అంకెలు వింటే నోరు తెరుస్తాం, చప్పట్లు కొడతాం, ఇంటికెళ్ళిపోతాం. నాకు వీటి మీద పెద్ద ఆసక్తి లేదు. జీవితకాలం మొత్తాలు మనిషి ఎప్పుడు బాగున్నాడో, ఎప్పుడు అలిసిపోయాడో చెప్పవు. అందుకే ఒక్కో సీజన్ తీసి చూద్దామంటున్నాను. ఆయనకి వయసు మీద పడింది ఎప్పుడు? అది ఏ గడిలో ముందు కనపడింది? ఇవాళ్టి ప్రశ్న ఇదొక్కటే.

మొదటి వరస, 1904. అమెరికాలో పెద్ద లీగులు రెండు, అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్. బోస్టన్ అమెరికన్ లీగ్ జట్టుకి 26 గెలుపులు, 16 ఓటములు. 380 ఇన్నింగ్స్. 200 స్ట్రైకౌట్లు, 29 వాకులు, ఈఆర్ఏ 1.97. ఆ ఏడాది మే 5న ఫిలడెల్ఫియా మీద పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. అంటే వచ్చిన 27 మందినీ వచ్చినట్టే పంపేశాడు, ఒక్కడూ మొదటి బేస్ తొక్కలేదు. ఆఖరి అవుట్ ఎవరిదో తెలుసా? ఎదుటి జట్టు పిచర్ రూబ్ వాడెల్. ఆ రోజుల్లో అందరికంటే వేగంగా విసిరేవాడని పేరు. అతని పేరు గుర్తుపెట్టుకోండి, ఇంకోసారి వస్తాడు.

ఇప్పుడు 29 వాకులనే అంకె మీద వేలు పెట్టండి. 380 ఇన్నింగ్స్‌లో 29 మంది. అంటే తొమ్మిది ఇన్నింగ్స్ ఆటకి ఒక్కరు కూడా పడరు, 0.69. పూర్తిగా రెండు ఆటలు వేస్తే ఒకటో రెండో వాకులు. సై యంగ్ అనగానే జనానికి వేగం గుర్తొస్తుంది. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన బంతులు తగిలి చెక్క కంచె తుఫానుకి విరిగినట్టు విరిగిందని 'సైక్లోన్' అన్నారట, అదే 'సై' అయింది. అది నిజమే కావచ్చు. కానీ నలభై దాటాక కూడా ఆయన్ని ఆటలో ఉంచింది వేగం కాదు, ఈ గడి. ఊరికే ఎవడికీ బేస్ ఇవ్వడు. కావాలంటే కొట్టి తెచ్చుకో అంటాడు.

రెండో వరస, 1905. ఇక్కడే నాకు తగాదా మొదలవుతుంది. 18 గెలుపులు, 19 ఓటములు. ఈ రెండు గడులే చూసిన పాఠకుడు ఏమనుకుంటాడు? 'అయిపోయిందయ్యా, 38 వచ్చాయి, పోయినేడు 26 గెలిచినవాడు ఇప్పుడు గెలిచిన దానికంటే ఎక్కువ ఓడాడు.' అలాగే అనుకుంటాడు. పక్క గడులు చూడండి. ఈఆర్ఏ 1.82, పోయినేటికంటే మెరుగు. స్ట్రైకౌట్లు 210, జీవితంలో అంతకు ముందెప్పుడూ అన్ని లేవు, తర్వాతా లేవు. వాకులు 30. అంటే ఒక్క వాక్‌కి ఏడు స్ట్రైకౌట్లు. నన్నడిగితే ఈ ఎనిమిది వరసల్లో పిచర్‌గా ఆయన చేతి పని అత్యుత్తమంగా ఉన్నది ఇదే, ఓటములు ఎక్కువున్న ఏడాదిలో.

మరి ఎందుకు ఓడాడు? జట్టు పరుగులు చెయ్యకపోతే పిచర్ ఏం చేస్తాడు! ఆ ఏడాది జులై 4న, అమెరికా వాళ్ళ స్వాతంత్ర్య దినం నాడు, బోస్టన్‌లో ఒక ఆట జరిగింది. ఇటు యంగ్, అటు మళ్ళీ అదే రూబ్ వాడెల్. తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలలేదు. పదిహేనులో తేలలేదు. ఇరవై ఇన్నింగ్స్ ఆడారు. ఇద్దరూ మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా వేశారు, ఎవరూ చెయ్యి మార్చలేదు. 20 ఇన్నింగ్స్‌లో యంగ్ ఇచ్చిన వాకులెన్నో తెలుసా? సున్నా. చివరికి 4-2తో ఓడిపోయాడు. కాగితంలో ఆ రోజు ఏమని పడింది? ఓటమి, ఒకటి. అంతే. 38 ఏళ్ళ మనిషి రెండు ఆటల పైచిలుకు పని ఒక్క మధ్యాహ్నంలో చేస్తే, పట్టికలో అది తొలి ఇన్నింగ్స్‌లోనే చిత్తయిన కుర్రాడి ఓటమి పక్కన, అదే సైజు అంకెగా కూర్చుంది.

(వెనక నుంచి ఒకరు: 'గెలుపు ఎవరి ఖాతాలో వెయ్యాలో నిబంధన లేదాండీ?')

మంచి ప్రశ్న. ఆ కాలంలో అధికారికంగా రాసుకున్న పక్కా నిబంధన లేదు. స్కోరరు తన విచక్షణ కొద్దీ, వాడుక కొద్దీ గెలుపూ ఓటమీ ఇచ్చేవాడు. ఇప్పుడున్న గెలుపు నిబంధన నియమావళిలోకి ఎక్కింది 1950లో. అందుకే సై యంగ్ మొత్తం ఓటములు కొన్ని చోట్ల 315 అనీ, కొన్ని చోట్ల 316 అనీ కనపడతాయి. ఒకటీ అరా తేడాకి తలలు బద్దలు కొట్టుకోనక్కర్లేదు గానీ, ఈ గడి ఎంత మెత్తటి నేల మీద నిలబడిందో తెలియాలి.

ఇంకో మాట కూడా చెప్పకపోతే నేను మోసం చేసినట్టవుతుంది. 38 ఏళ్ళకి జీవితంలోనే అత్యధికంగా 210 స్ట్రైకౌట్లు అన్నాను కదా. అయితే వయసు పెరిగేకొద్దీ వేగం పెరిగిందా? కాదు. నిబంధన మారింది. అంతకు ముందు బ్యాటర్ బంతిని పక్కకి ఫౌల్ కొడితే అది స్ట్రైకుగా లెక్కకి రాదు. నిలబడి ఎన్నైనా ఫౌల్ కొట్టుకుంటూ పిచర్‌ని అలిపించేవాళ్ళు. అమెరికన్ లీగ్ 1903లో మొదటి రెండు ఫౌల్స్‌ని స్ట్రైకులుగా లెక్కించడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి అందరి స్ట్రైకౌట్లూ పెరిగాయి. యంగ్ 1901లో లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచింది 158 స్ట్రైకౌట్లతోనే. కాబట్టి 158నీ 210నీ పక్కపక్కన పెట్టి 'ముసలాడికి బలం పెరిగింది' అనకూడదు. 1904 నుంచే మీకు వరసలిచ్చింది అందుకే, అప్పటికి నిబంధన కుదురుకుంది, పోల్చుకోవడానికి వీలుంటుంది.

1906 మీద ఎక్కువసేపు ఉండను. 13 గెలుపులు, 21 ఓటములు, ఈఆర్ఏ 3.19. అదొక పీడకల. జట్టు 49 గెలిచి 105 ఓడింది. మే నెలలో వరసగా 20 ఆటలు ఓడింది. 39 ఏళ్ళ యంగ్ అందరితో పాటు మునిగాడు. అయినా వాకులు 25. మునుగుతున్నప్పుడు కూడా గురి తప్పలేదు. 1907లో జట్టు కష్టం ఇంకో రకంది. సీజన్‌కి ముందే మేనేజరుగా ఉన్న ఆటగాడు చిక్ స్టాల్ ఆత్మహత్య చేసుకున్నాడు. మొదటి కొన్ని ఆటలకి యంగ్‌నే తాత్కాలికంగా మేనేజర్ని చేశారు. ఆ బరువు ఆయన ఉంచుకోలేదు, దించేసి బంతి పట్టుకున్నాడు. 343 ఇన్నింగ్స్, 21 గెలుపులు, ఈఆర్ఏ 1.99. స్ట్రైకౌట్లు 147, వాకులు 51. వాకులు రెట్టింపయ్యాయి, గమనించండి. అది మొదటి పగులు. కానీ తర్వాతి ఏడాది ఆ పగులు పూడిపోయినట్టు కనపడింది.

ఇప్పుడు ఐదో వరస. 1908. వయసు 41. ఆ ఏడాదే జట్టుకి రెడ్ సాక్స్ అన్న పేరు వచ్చింది. 36 ఆటల్లో బంతి పట్టాడు, 33 మొదలుపెట్టాడు, అందులో 30 పూర్తి చేశాడు. 21 గెలుపులు, 11 ఓటములు. 299 ఇన్నింగ్స్. పెన్ను ఉన్నవాళ్ళు కాగితం మీద వేసుకోండి. ఆయన వేస్తున్నప్పుడు ఎదుటివాళ్ళు చేసిన పరుగులు 68. అందులో ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేస్తే ఆయన ఖాతాలో పడ్డవి 42. 42ని 9తో గుణిస్తే 378. దాన్ని 299తో భాగిస్తే 1.26. అదీ ఈఆర్ఏ. ఆ ఏడాది లీగ్ మొత్తం సగటు 2.39. అంటే 41 ఏళ్ళ మనిషి లీగ్ సగటులో దాదాపు సగం పరుగులిచ్చాడు. ఆయన కంటే తక్కువ ఇచ్చింది క్లీవ్‌లాండ్ పిచర్ ఆడీ జాస్ ఒక్కడే, 1.16. ఆ ఏడాదే 40 ఆటలు గెలిచిన ఎడ్ వాల్ష్ కూడా 1.42 దగ్గర, యంగ్ వెనకే ఉన్నాడు.

విచిత్రమేమిటంటే, ఈ 1.26ని 1908లో ఎవరూ చూడలేదు. ఈఆర్ఏని అధికారిక లెక్కల్లో మొదట చేర్చింది నేషనల్ లీగ్, 1912లో. అమెరికన్ లీగ్ 1913లో. అప్పటికి యంగ్ ఆట మానేశాడు. 1960లలో పాత స్కోరు పట్టికలన్నీ మళ్ళీ తిరగేసి లెక్కలు కట్టేదాకా ఆ కాలపు పిచర్ల ఈఆర్ఏలు ఒక పద్ధతిలో లేవు. 1908 నాటి పత్రికా పాఠకుడి ముందున్నది 21-11 మాత్రమే. అది కూడా మంచిదే, కాదనను. కానీ 75 గెలిచి 79 ఓడిన జట్టులో ఉంటూ 21-11 సాధించడానికి ఎంత పొదుపుగా పరుగులివ్వాలో ఆ అంకె చెప్పదు.

జూన్ 30 ఆట గురించి చెప్పకుండా 1908 దాటలేను. న్యూయార్క్‌లో, ఇప్పుడు యాంకీస్ అంటున్న జట్టు అప్పుడు హైలాండర్స్. మొదటి బ్యాటర్ హ్యారీ నైల్స్. యంగ్ అతనికి వాక్ ఇచ్చాడు! ఎవరికీ ఊరికే బేస్ ఇవ్వని మనిషి, మొదటి బ్యాటర్‌కే ఇచ్చాడు. నైల్స్ రెండో బేస్ దొంగిలించబోయి, అంటే ఎవరూ కొట్టకుండానే అక్కడికి పరుగెత్తబోయి, దొరికిపోయాడు. ఇక అంతే. తర్వాత 26 మంది వచ్చారు, 26 మందీ వెళ్ళారు. ఒక్క హిట్ లేదు, అంటే బంతి కొట్టి బేస్ చేరినవాడు ఒక్కడూ లేడు. నో-హిట్టర్. బోస్టన్ 8-0. ఆ ఎనిమిది పరుగుల్లో నాలుగు యంగ్ బ్యాట్ నుంచే వచ్చాయి. 41 ఏళ్ళ మూడు నెలల వయసులో నో-హిట్టర్ వేసినవాడు మళ్ళీ 1990 దాకా రాలేదు. అప్పుడు నోలన్ రయన్ 43 ఏళ్ళకి వేసి ఆ రికార్డు దాటాడు. మనకి అరవై దాటాక కూడా రంజీ ఆడిన సి.కె. నాయుడు గారున్నారు కాబట్టి 41 అంటే నవ్వొస్తుందేమో. (నవ్వులు) కానీ బ్యాటు పట్టడం వేరు, రోజంతా ఒకే చేత్తో బంతి విసరడం వేరు.

ఆగస్టు 13న బోస్టన్‌లో 'సై యంగ్ డే' చేశారు. లీగ్ ఆ రోజు మామూలు ఆటలు ఆపింది. మిగతా జట్ల నుంచి మేటి ఆటగాళ్ళు వచ్చి బోస్టన్‌తో ఒక ఆట ఆడారు. జనం విరగబడ్డారు. బహుమతులు, వెండి కప్పులు, డబ్బు. మన దగ్గర సన్మానం చేశారంటే శాలువా కప్పి ఇంటికి పంపడానికే. బోస్టన్ వాళ్ళు కూడా అదే చేశారు. కాకపోతే ఇంటికి కాదు, క్లీవ్‌లాండ్‌కి. 1909 ఫిబ్రవరిలో ఆయన్ని అమ్మేశారు. బదులుగా ఇద్దరు పిచర్లు, చార్లీ చెక్, జాక్ రయన్, పైన 12,500 డాలర్లు.

అభిమానులు యజమానిని తిట్టారు. తిట్టరా మరి! 21 గెలిచినవాణ్ణి, ఊరంతా మొన్ననే పండగ చేసినవాణ్ణి అమ్మేస్తే? ఇప్పుడు ఆరో వరస చూడండి, 1909. క్లీవ్‌లాండ్‌కి 19 గెలుపులు, 15 ఓటములు. 294 ఇన్నింగ్స్. మళ్ళీ 30 కంప్లీట్ గేములు. పైకి చూస్తే 21కి 19, 299కి 294, 30కి 30. ఏం తగ్గింది? ఏమీ తగ్గలేదు. క్లీవ్‌లాండ్ వాళ్ళు లాభపడ్డారు, బోస్టన్ యజమాని తెలివితక్కువవాడు. ఇప్పటికీ చాలామంది రాసేది ఇదే.

నేను ఒప్పుకోను. ముసలితనం వచ్చింది ఈ వరసలోనే. గెలుపుల గడి దాన్ని దాచిపెట్టింది. స్ట్రైకౌట్లు 150 నుంచి 109కి పడ్డాయి. వాకులు 37 నుంచి 59కి పెరిగాయి. ఇన్నింగ్స్ దాదాపు సమానం కాబట్టి వంక పెట్టడానికి కూడా లేదు. 1905లో ఒక్క వాక్‌కి ఏడు స్ట్రైకౌట్లు. 1908లో నాలుగు. 1909లో రెండు కూడా లేవు. ఐదేళ్ళ కింద ఆటకి ఒక్కడిని కూడా ఊరికే పంపని మనిషి ఇప్పుడు ఆటకి ఇద్దర్ని పంపుతున్నాడు. ఈఆర్ఏ 2.26, చెడ్డది కాదు. కానీ పరుగులు అందరికీ కరువైన ఆ కాలంలో అది లీగ్ సగటు కంటే కాస్త మెరుగు, అంతే. ఏడాది కిందటి 1.26 ఎక్కడ?

ఒక్క ఏడాది తేడాలో అలా ఎందుకు పడింది? పెద్ద రహస్యం లేదనుకుంటాను. 1904 నుంచి 1908 దాకా కూడితే పదహారు వందల పైచిలుకు ఇన్నింగ్స్. అవి ఆయన నలభై దగ్గర పడ్డాక వేసినవి, అంతకు ముందు 1890 నుంచి వేసినవి వేరే. ఆయనే తర్వాత చెప్పుకునేవాడు, చేతిలో ఇన్ని విసుర్లే ఉంటాయి, వాటిని అనవసరంగా ఖర్చు పెట్టకూడదు అని. అందుకే ఆటకి ముందు మిగతా పిచర్ల లాగా పది పదిహేను నిమిషాలు విసిరేవాడు కాదు, నాలుగైదు నిమిషాలు వేసి సరిపెట్టుకునేవాడు. చలికాలమంతా పొలంలో కట్టెలు కొట్టడం, వ్యవసాయప్పనులు, అదే ఆయన వ్యాయామం. నెలాఖరు జీతంలా చేతిని అంత జాగ్రత్తగా వాడుకున్నవాడికి కూడా ఒక రోజు ఖాళీ అవుతుంది.

ఆ 1909లో ఒక సరదా సంగతి. జులై 19న క్లీవ్‌లాండ్‌లో యంగ్ తన పాత జట్టు బోస్టన్‌కే బంతి వేస్తున్నాడు. ఇద్దరు బేసుల మీదున్నారు. యాంబీ మెకానల్ బలంగా కొట్టాడు. షార్ట్‌స్టాప్, అంటే రెండో మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్, నీల్ బాల్ ఎగిరి పట్టాడు, రెండో బేస్ తొక్కాడు, ఎదురుగా వస్తున్న ఇంకొకణ్ణి తాకాడు. ఒక్కడే ముగ్గుర్ని అవుట్ చేశాడు! ఎవరి సాయం లేని ట్రిపుల్ ప్లే, ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద లీగుల్లో మొదటిది. యంగ్ లెక్కలో అది ఒక ఇన్నింగ్స్. బంతి గట్టిగా తగిలినా పట్టికలో నీట్‌గా మూడు అవుట్లు. తర్వాతి ఏడాది సరిగ్గా అదే తేదీన, 1910 జులై 19న, వాషింగ్టన్ మీద పదకొండు ఇన్నింగ్స్ ఆడి 5-4తో 500వ గెలుపు అందుకున్నాడు. అప్పటికి 43 ఏళ్ళు. కానీ ఆ సీజన్ మొత్తం చూస్తే 7 గెలుపులు, 10 ఓటములు, 163 ఇన్నింగ్స్. ఏళ్ళ తరబడి ఏడాదికి మూడు వందలకి అటూ ఇటూగా వేసినవాడు సగానికి పడ్డాడు. పత్రికలకి ఇప్పుడు కనపడింది, ముసలాడయ్యాడని.

ఆఖరి వరస, 1911. ఇది రెండు ముక్కలు. క్లీవ్‌లాండ్‌కి 3 గెలిచి 4 ఓడాడు, ఆగస్టులో వదిలేశారు. మళ్ళీ బోస్టన్ చేరాడు, కానీ రెడ్ సాక్స్ కాదు, అదే ఊళ్ళోని నేషనల్ లీగ్ జట్టు. ఆ ఏడాది దాని పేరు రస్లర్స్. 44 గెలిచి 107 ఓడిన జట్టు. అక్కడ 4 గెలిచి 5 ఓడాడు. మొత్తం కలిపి 7-9, ఈఆర్ఏ 3.78. ఎనిమిది వరసల్లో అన్నిటికంటే పెద్ద అంకె. ఇక్కడ అందరూ 'చూశారా, పూర్తిగా అయిపోయాడు' అంటారు. నేను మళ్ళీ అడ్డుపడతాను.

స్ట్రైకౌట్లు 55, వాకులు 28. ఇన్నింగ్స్ 126. నిష్పత్తి వెయ్యండి. 1909కీ దీనికీ పెద్ద తేడా లేదు, ఇంకా చెప్పాలంటే పిసరంత మెరుగు. అంటే చేతిలో సరుకు 1909లో ఎంతుందో 1911లోనూ అంతే ఉంది. మరి పరుగులెందుకు పెరిగాయి? ఒక కారణం బంతి. లోపల రబ్బరు బదులు కార్క్ గుండె పెట్టిన కొత్త బంతి 1911 సీజన్ మొత్తం వాడుకలోకి వచ్చింది. అమెరికన్ లీగ్ బ్యాటింగ్ సగటు, అంటే వెయ్యి ప్రయత్నాలకి ఎన్ని హిట్లన్న లెక్క, ఒక్క ఏడాదిలో .243 నుంచి .273కి ఎగబాకింది. టై కాబ్ అనే మేటి బ్యాటర్ .420 కొట్టిన ఏడాది అది. 1911 పిచర్ల ఈఆర్ఏని 1908 పిచర్ల ఈఆర్ఏ పక్కన పెట్టి తూచకూడదు, తూనికరాళ్ళే మారిపోయాయి.

రెండో కారణం ఆయనే చెప్పాడు. చెయ్యి బాగానే ఉందట, ఒళ్ళే బరువెక్కిందట. బ్యాటర్లు అది కనిపెట్టి బంతిని మెల్లగా ముందుకు తోసి, అదే బంట్ చేసి, పరుగెత్తేవాళ్ళు. ఆయన పొట్టేసుకుని వంగి బంతి తీసి మొదటి బేస్‌కి విసిరేలోపు వాళ్ళు అక్కడుండేవాళ్ళు. ఇది ఏ గడిలో పడుతుంది చెప్పండి? స్ట్రైకౌట్లలో కాదు, వాకుల్లో కాదు. హిట్‌గా పడుతుంది. స్కోరరు పుస్తకంలో గోడ దాకా వెళ్ళిన బంతీ హిట్టే, పిచర్ పొట్టకి అడుగు దూరంలో ఆగిన బంతీ హిట్టే. 44 ఏళ్ళ నడుముని లెక్కించే గడి అప్పట్లో లేదు.

ఆ సెప్టెంబరులో రెండు ఆటలు చూడండి. ఒకటి ఫిలడెల్ఫియా మీద. ఎదురుగా ఆ ఏడాదే వచ్చిన కుర్రాడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ అలెగ్జాండర్. మొదటి సీజన్‌లోనే 28 గెలిచినవాడు, ముందు ముందు మొత్తం 373కి చేరబోయేవాడు. యంగ్ 1-0తో ఓడాడు. ఇంకొకటి సెప్టెంబరు 22న పిట్స్‌బర్గ్ మీద. ఈసారి 1-0తో యంగ్ గెలిచాడు. అది 511వది, ఆఖరిది. అక్టోబరు 6న బ్రూక్లిన్ చేతిలో 13-3తో చిత్తయ్యాడు. ఆయన ఎదుర్కొన్న చివరి ఎనిమిది మంది వరసగా కొట్టారు. ఒక ట్రిపుల్, మూడు డబుల్స్, నాలుగు సింగిల్స్, అంటే ఒక్క దెబ్బకి వరసగా మూడు, రెండు, ఒక బేస్ అందించిన హిట్లు. చాలామంది ఆయన చివరి రోజుల గురించి రాయాల్సొస్తే ఈ బ్రూక్లిన్ ఆటతోనే ముగిస్తారు, కళ్ళు తడుపుకుంటారు. నాకది నచ్చదు. పదిహేను రోజుల తేడాలో ఒక సున్నా, ఒక పదమూడు. ఒక్క ఆటతో పిచర్ వయసు కొలవలేమని ఇంతకంటే ఏం కావాలి? 1912 వసంతంలో కూడా శిబిరానికి వెళ్ళాడు. ఈసారి చెయ్యే నొప్పి పెట్టింది. సీజన్‌లో ఒక్క ఆటా వెయ్యకుండానే మానేసి పొలానికి వెళ్ళిపోయాడు.

ఇక బోస్టన్ యజమాని సంగతి బాకీ ఉంది. ఆయన వదిలించుకున్నది 1908 నాటి సై యంగ్‌ని అని జనం అనుకున్నారు. క్లీవ్‌లాండ్ చేతికి వచ్చింది 1909 నాటి మనిషి. బదులుగా వచ్చిన ఇద్దరు పిచర్లూ పెద్దగా వెలగబెట్టిందేమీ లేదు, చెక్ ఆ ఏడాది తర్వాత పెద్ద లీగుల్లో కనపడలేదు. అయినా 1909లో బోస్టన్ 88 గెలిచి మూడో స్థానానికి ఎగబాకింది. క్లీవ్‌లాండ్ ఆరో స్థానంలో మిగిలింది. ఆయనకి లెక్కలు తెలిసి అమ్మాడని నేననను. మంచి పేరు ఉన్నప్పుడే అమ్ముకుందామనుకుని ఉంటాడు. 1909 ఫిబ్రవరిలో ఆయన ముందున్న కాగితంలో వాక్‌కి నాలుగు స్ట్రైకౌట్లే ఉన్నాయి, రెండు కాదు. ఆ ధరకి మీరైతే కొనేవారా, అమ్మేవారా? చేతులెత్తండి, ఆ తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.